మధ్య గీత

ఫెర్రీలో ఎవరో మర్చిపోయిన పెట్టె అది.
పద్నాలుగు నెలలైనా
నాదంటూ ఎవరూ రాలేదు.
కౌంటర్ వెనక, గొడుగుల మధ్య,
జత తప్పిన చేతి తొడుగుల మధ్య
నిలబడి నిలబడి
చివరికి వైదోతస్ చంకనెక్కింది.

అలా వచ్చాడు నా గదికి,
క్లైపెడా రేవులో పగలంతా తాళ్లు విసిరి
ఉప్పు పట్టిన వేళ్లతో,
యాభై ఎనిమిదేళ్ల కొత్త విద్యార్థి.
పెట్టెలో వియోలా. దాని కింద నాలుగు కాగితాలు.

"చిన్నప్పుడు అకార్డియన్ నేర్చుకున్నాను టీచర్,
చదవడం వచ్చు.
కానీ ఇందులో ఏ చుక్క వాయించినా
పక్కింటి తలుపు తట్టినట్టే ఉంది.
తీస్తున్నారు,
మనవాళ్లు కారు."

కాగితం ఎడమ అంచున వేలు పెట్టాను.
"చుక్కల్ని చూశావు, సరే.
గుమ్మంలో నిలబడ్డ ఈ మనిషిని
పలకరించకుండానే లోపలికొచ్చేశావు."

దాన్ని మేం తాళంచెవి అంటాం.
ఆ మాట చివర చెవి ఎందుకుందో
ఇనుప తాళాలు తీసేవాళ్లకు తెలియకపోవచ్చు.

ఐదు గీతలు.
వాటంతట వాటికి పేర్లుండవు,
గట్టున ఆరేసిన తాళ్లకు పేర్లేమిటి?
ముందుగా వచ్చి కూర్చున్నది చెబుతుంది
ఎవరు ఎవరో.
ఒకటి రెండో గీత నడుం చుట్టి
ఇది సోల్ అంటుంది.
ఒకటి వినే చెవిలా వంగి,
నాలుగో గీతకు పైనొకటి కిందొకటి చుక్క పెట్టి
ఇది ఫా అంటుంది.
నీ కాగితం మీదున్నది మూడోది:
రెండు కొక్కేలు కలుసుకున్న చోట,
సరిగ్గా నడిమి గీత మీద, దో.

ఒక్క మనిషే
ఒకింట్లో వదిన, ఒకింట్లో పిన్ని,
మరో ఇంట్లో మేనత్త.
నడిమి గీత మీది చుక్కా అంతే.
సి అన్నారు, రే అన్నారు, దో అన్నారు.
అది మాత్రం కూర్చున్న చోటి నుంచి లేవలేదు.

అతను చాలాసేపు కిటికీ వైపు చూశాడు.
"మా పడవకు కూడా," అన్నాడు,
"ముందేదో వెనకేదో ఉండదు టీచర్.
ఏ గట్టు వదిలితే అది వెనక."

అర్థమైంది కదాని వేళ్లు వింటాయా?
మూడు వారాలు అదే తప్పు.
ప్రతి చుక్క కిందా పెన్సిల్‌తో పేరు రాసుకునేవాడు,
నేను చెరిపేదాన్ని.
రబ్బరు పొడి ఊదుకుంటూ తిట్టుకునేవాడు,
నన్నో, అకార్డియన్‌నో.

నాలుగో వారం, మంచు పడుతున్న గురువారం,
చెరిపిన చోట రాయకుండా చదివాడు.
అన్ని తలుపులూ తెరుచుకున్నాయి.
ఇద్దరం విన్నాం.
దో దో దో దో, పదకొండు సార్లు.
ఒక రే. మళ్లీ దో.
ఆ తర్వాత పదిహేడు కొలతల మౌనం.

"ఇంతేనా?" అన్నాడు.
"ఇందుకేనా ఇన్నాళ్లూ?"

పాట ఎక్కడో వేరేవాళ్ల కాగితాల్లో ఉంది.
వాళ్లెవరో, ఎన్ని పెట్టెలో,
ఏ ఊళ్లో ఉన్నాయో.
ఇది వాళ్ల నడుమ నిలబడి
మోసిన మనిషి కాగితం.
ఆ సంగతి అతనికెలా చెప్పాలో తెలియక
హీటర్ కాస్త పెంచాను.

అప్పుడతను కాగితాన్ని దీపం దగ్గరికి తీసుకెళ్లాడు.
మౌనం మీద, చిన్న అక్షరాల్లో,
అతనిది కాని పెన్సిల్ రాత:
ఇక్కడ తలెత్తి ఎల్జ్‌బియేతాను చూడు.

మరోసారి వాయించాడు.
పదకొండు దోలు, ఒక రే, ఒక దో.
విల్లు దించి,
పడవ తాడు అందుకునే ముందు
గట్టు మీది మనిషిని చూసినట్టు
తలెత్తి చూశాడు.

గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను.
పదిహేడు లెక్కపెట్టి
తల ఊపాను.